పెద్దవారికి పక్కటెముకలు విరిగితే: నొప్పి తగ్గాలి, మతి చెదరకూడదు

“నొప్పి బిళ్ళలు మొదలుపెట్టినప్పటి నుంచి అమ్మ ఏదేదో మాట్లాడుతోంది. ఆపేయమంటారా?” విశాఖలో గాజువాక నుంచి మధురవాడ దాకా, పెద్దవారు జారిపడి పక్కటెముకలు విరిగిన ఏ ఇంటికి నర్సుగా వెళ్లినా ముందు ఎదురయ్యే ప్రశ్న ఇదే. కొందరు అడగకుండానే ఆపేస్తారు. తర్వాత కఫం పట్టి, జ్వరం వచ్చి, మతి మరింత చెదిరి మళ్లీ ఆసుపత్రికి పరుగెడతారు.

అన్ని మందులూ ఆపడం తప్పే. మత్తెక్కించే మందులతో పడుకోబెట్టడమూ తప్పే. తీరని నొప్పి ఒక్కటే పెద్దవారి మతిని చెదరగొట్టగలదు. అందుకే ఏ మాత్ర ఉండాలి, ఏది పోవాలి అన్నది విడదీసి చూడాలి.

ఊపిరి తీసిన ప్రతిసారీ విరిగిన ఎముక కదులుతుంది. నొప్పికి భయపడి పైపైనే పీలుస్తారు, దగ్గు ఆపుకుంటారు. కఫం అడుగున నిలిచి న్యుమోనియాకు దారి తీస్తుంది. వయసు 65 దాటితే ఈ ముప్పు ఎక్కువ, విరిగిన ఎముకల సంఖ్య పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ. ఇక డెలీరియం అంటే గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో మొదలై, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా మారుతూ ఉండే మతి చెదరడం. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

ఇదంతా ఒకసారి డాక్టరు చూసి, ఇంటికి పంపిన తర్వాతి సంగతి, లేదా వార్డులో పక్కన కూర్చున్న అటెండెంటు కోసం. ఇంకా చూపించకపోతే ముందు చూపించండి. 65 దాటినవారికి మూడు లేదా అంతకంటే ఎక్కువ ఎముకలు విరిగితే సాధారణంగా ఆసుపత్రిలో చేర్చుకుంటారు. “ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు” అని ఊరుకోకండి. పక్కటెముకల విరుగుళ్లు ఎక్స్‌రేకు చిక్కకపోవడం మామూలే, సీటీ స్కాన్‌లో బయటపడతాయి.

దగ్గర ఉంచుకోవలసినవి

- ఒక నోటు పుస్తకం, పెన్ను. ఫోనులో రాసుకుంటే ఆ ఫోను ఉన్న మనిషి బయటికి వెళ్లినప్పుడు మిగతావారికి ఏమీ తెలియదు.
- ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో. పాతవి, ఆయుర్వేదం, పక్కింటివారు ఇచ్చినవి కూడా.
- వేలికి పెట్టే ఆక్సిమీటరు, థర్మామీటరు.
- ఊపిరి కసరత్తు చేయించే మూడు బంతుల స్పైరోమీటరు. మందుల షాపుల్లో దొరుకుతుంది.
- గట్టి దిండు ఒకటి, దగ్గేటప్పుడు హత్తుకోవడానికి.
- కళ్లజోడు, చెవి మిషను, కట్టుడు పళ్లు. ఆసుపత్రికి వెళ్లే హడావుడిలో ఇంట్లో మరచిపోయేవి ఇవే.
- ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు, ఆధార్, డిశ్చార్జి సమ్మరీ ఒకే కవరులో.

1. జారిపడక ముందు ఎలా ఉండేవారో రాసి పెట్టండి

మొదటి రోజే ఒక పేజీ రాయండి. పేపరు చదివేవారా? పెన్షను లెక్క చెప్పేవారా? రాత్రి ఎన్నిసార్లు లేచేవారు? మతిమరుపు ముందే ఉందా? డ్యూటీ డాక్టరు మీ నాన్నగారిని మొదటిసారి చూస్తున్నారు, ఆయన మామూలుగా ఎలా ఉంటారో చెప్పగలిగింది మీరే.

ఇక్కడే రెండు విషయాలు దాచకుండా చెప్పండి. ఒకటి మద్యం. పెద్దాయన పరువు పోతుందని ఇంటివారు “అప్పుడప్పుడూ” అంటారు. రోజూ తాగేవారికి హఠాత్తుగా ఆగితే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, లేనివి కనిపించడం, ఫిట్స్ రావచ్చు. దానికి చికిత్స వేరు. రెండోది చుట్ట. మన ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట) తాగే నాయనమ్మలు ఇప్పటికీ ఉన్నారు, కానీ “ఆడవారే కదా” అని ఎవరూ ఆ ప్రశ్న అడగరు. ఆ ఊపిరితిత్తులకు తట్టుకునే శక్తి ముందే తక్కువ. పొగాకు ఒక్కసారిగా ఆగినా చిరాకు, అశాంతి పెరుగుతాయి.

రోజూ వేసుకునే నిద్రమాత్ర ఉంటే అది కూడా చెప్పండి. ఏళ్ల తరబడి వాడినదాన్ని మీ అంతట మీరు ఆపకండి.

2. ఆసుపత్రిలో అడగవలసినవి అడగండి

ఎన్ని ఎముకలు విరిగాయి, ఏ వైపు? తలకు దెబ్బ తగిలిందా, స్కాన్ అవసరమా? రక్తం పలుచన చేసే మందు వాడుతున్నారు, దాన్ని ఏం చేయాలి? క్రియాటినిన్, సోడియం ఎంత? ఈ నాలుగూ తెలియకుండా ఇంటికి రాకండి. క్రియాటినిన్ నార్మల్ అన్నా, బక్కపలచని పెద్దవారిలో ఆ అంకె మోసం చేయవచ్చు. కండ తక్కువ ఉంటే కిడ్నీ బలహీనంగా ఉన్నా అది మామూలుగానే కనిపిస్తుంది. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే అంచనా) ఎంత అని అడగండి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వైద్యం కోసం విశాఖ వచ్చేవారు ఈ ప్రశ్న అసలు వదలకూడదు.

ఇంకొకటి, చాలామందికి తెలియనిది. నొప్పి మరీ ఎక్కువగా ఉంటే మత్తు డాక్టరు ‘బ్లాక్’ ఇవ్వగలరు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, విరిగిన చోటి నరాలు మొద్దుబారేలా వెన్ను పక్కన గానీ ఛాతీ పక్కన గానీ మందు ఎక్కిస్తారు. సన్నని గొట్టం ఉంచి కొన్ని రోజులు కొనసాగించవచ్చు కూడా. మెదడుకు మత్తెక్కించే మందులు తగ్గుతాయి కాబట్టి పెద్దవారికి ఇది మంచి మార్గం. రక్తం పలుచన చేసే మందులు వాడేవారికి ఎపిడ్యూరల్ (వెన్నుపూసల మధ్య నుంచి లోపలికి ఇచ్చే రకం) కుదరకపోవచ్చు, కానీ చర్మానికి దగ్గరగా ఇచ్చే రకాలు కుదరవచ్చు. “మా నాన్నగారికి బ్లాక్ పనికొస్తుందా?” అని అడగడంలో మొహమాటం వద్దు.

3. నొప్పి మందు గడియారం చూసి ఇవ్వండి, నొప్పి చూసి కాదు

“నొప్పి వస్తే వేసుకోండి” అన్న పద్ధతి ఈ గాయానికి పనికిరాదు. మన పెద్దవారు అడగరు. “పరవాలేదమ్మా” అంటూ పళ్లు బిగించుకుని పడుకుంటారు. మొదటి వారం రోజులైనా పారాసిటమాల్ వేళకు పడాలి.

ఎంత? డాక్టరు రాసిందే ఆఖరు మాట. మీరు సరిచూసుకోవడానికి ఈ లెక్క: పెద్దవారికి మొత్తం కలిపి రోజుకు 3 గ్రాములు దాటకూడదు. 650 మిల్లీగ్రాముల మాత్ర ఆరు గంటలకొకటి వేస్తే 2.6 గ్రాములు. బరువు 50 కిలోల లోపు ఉంటే ఒక్కో మోతాదు కిలోకు 15 మిల్లీగ్రాములు మించకూడదు, అంటే 40 కిలోల అమ్మమ్మకు 500 మాత్రే సరిపోతుంది. కాలేయ జబ్బు, మద్యం అలవాటు ఉంటే ఇంకా తగ్గించాలి, డాక్టరును అడగండి.

అందరూ చేసే పొరపాటు: పారాసిటమాల్ రెండు పేర్లతో పడిపోవడం. జలుబు మాత్రలో అది ఉంటుంది. ఎసిక్లోఫెనాక్‌తో కలిపిన మాత్రలో 325 ఉంటుంది, ట్రమడాల్‌తో కలిపినదానిలోనూ 325 ఉంటుంది. పేరు వేరు కాబట్టి మందు వేరనుకుంటాం. ప్రతి అట్ట వెనక చిన్న అక్షరాలు చదవండి. కనపడకపోతే ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసుకోండి.

లిడోకైన్ పట్టీ రాస్తే, నొప్పి ఉన్న చోట, పుండు లేని చర్మంపై 12 గంటలు ఉంచి 12 గంటలు తీసేయాలి. మన ఊరి ఉక్కపోతకు అది నిలవదు, చర్మం పొడిగా తుడిచి అంటించండి. దానిపై వేడినీళ్ల సంచి పెట్టకూడదు, మందు ఎక్కువగా లోపలికి పోతుంది.

ఇవి చాలకపోతే డాక్టరు ట్రమడాల్, టాపెంటడాల్, మార్ఫిన్ లాంటివి రాయవచ్చు. పేరు విని బెదిరిపోనక్కరలేదు. తక్కువ మోతాదుతో మొదలవ్వాలి, అదే రోజు నుంచి విరేచనం సాఫీ చేసే మందు కూడా ఉండాలి. ఆ రెండో మందు చీటీలో లేకపోతే అడగండి. ట్రమడాల్‌తో మూడు జాగ్రత్తలు: ఫిట్స్ ఉన్నవారికి, డిప్రెషన్ మందులు వాడేవారికి ముప్పు; సోడియం తగ్గించవచ్చు, ముఖ్యంగా బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉంటే; కిడ్నీ బలహీనమైతే మోతాదు తగ్గించాలి.

4. ఈ మందులను పక్కన పెట్టండి, లేదా అడగకుండా ముట్టకండి

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్: నొప్పికి బాగానే పనిచేస్తాయి, అదే చిక్కు. కిడ్నీ జబ్బు, గుండె బలహీనత, కడుపులో పుండు, రక్తం పలుచన చేసే మందులు, వీటిలో ఏది ఉన్నా ప్రమాదం. బీపీకి టెల్మిసార్టాన్ లాంటిదీ మూత్రం ఎక్కువగా పోయించే మందూ వాడుతున్నవారికి ఈ మాత్ర తోడైతే కిడ్నీ దెబ్బతినే అవకాశం పెరుగుతుంది. వీధి చివర ఆర్ఎంపీ దగ్గర “ఒక్క ఇంజెక్షన్ వేయించుకుంటే పోతుంది” అన్నది మాత్రం వద్దు. ఆ ఇంజెక్షన్‌లో ఏముందో మీకు రాసివ్వరు.

మతి చెదరగొట్టడంలో ముందుండేవి వేరే ఉన్నాయి. అల్ప్రాజొలామ్, క్లోనాజెపామ్ లాంటి నిద్రమాత్రలు కొత్తగా మొదలుపెట్టడం. నొప్పి ఇంజెక్షన్‌తో పాటు ఇచ్చే ప్రోమెథజైన్. జలుబు, దురద మాత్రల్లోని క్లోర్‌ఫెనిరమైన్. దగ్గు సిరప్పులు. అమిట్రిప్టిలిన్. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ కూడా ఈ వయసులో మత్తు, తూలుడు తెస్తాయి. “నరాల నొప్పికి” అని అలవాటుగా చేర్చేస్తారు, అవసరమేనా అని అడగండి. అసలు దగ్గు సిరప్ ఈ గాయంలో రెండు విధాలా చెడ్డది. మతిని మందగింపజేస్తుంది, బయటికి రావలసిన దగ్గును అణచివేస్తుంది.

కట్లు: రిబ్ బెల్టు, నాటు కట్టు, చీర బిగించి చుట్టడం, ఏదీ వద్దు. ఛాతీ బిగిస్తే హాయిగా అనిపిస్తుంది, ఊపిరి మాత్రం పైపైనే ఆగిపోతుంది. నూనె మర్దన కూడా వద్దు. పైపైన బామ్ రాస్తే నష్టం లేదు, నొక్కి రుద్దకండి.

5. మాత్ర పనిచేసే వేళకు ఊపిరి కసరత్తు

నొప్పి మాత్ర వేసిన 45 నిమిషాలు, గంట తర్వాత మొదలుపెట్టండి. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టండి. స్పైరోమీటరు గొట్టం నోట పెట్టుకుని లోపలికి పీల్చాలి. చాలామంది బయటికి ఊదుతారు, బంతులు కదలక “యంత్రం చెడిపోయింది” అంటారు. ఒక్క ఊపిరిలో మూడు బంతులూ లేపాలన్న పోటీ కూడా వద్దు. ఒకటో రెండో బంతులు పైకి లేచి, రెండు మూడు క్షణాలు నిలిస్తే మేలు. మెలకువగా ఉన్నంతసేపు గంటకు పది సార్లు. టీవీలో ప్రకటనలు వచ్చినప్పుడల్లా చేయించండి, లెక్క దానంతట అదే సరిపోతుంది.

తర్వాత దగ్గించాలి. దిండును గాయం మీద రెండు చేతులతో హత్తుకుని, “తాతగారూ, ఒక్కసారి గట్టిగా దగ్గండి” అని అడగండి. స్పైరోమీటరు లేకపోతే ముక్కుతో నెమ్మదిగా, లోతుగా పీల్చి మూడు లెక్కపెట్టి వదలడం. మతిమరుపు ఉన్నవారికి ఇవేవీ అర్థం కాకపోతే, లేపి కూర్చోబెట్టడం, నాలుగడుగులు నడిపించడం, తోడుగా పాడించడం. భజన పాటకు ఊపిరి బాగానే కావాలి.

పడుకోవడం: నులక మంచం, నవారు మంచం మధ్యలో కుంగిపోయి లేవడం నరకమవుతుంది. తల వైపు ఎత్తు చేసిన గట్టి పరుపు గానీ, మొదటి వారం పడక కుర్చీ గానీ మేలు. లేచేటప్పుడు నేరుగా కాకుండా, మొత్తం ఒంటిని ఒక పక్కకు దొర్లించి, కాళ్లు కిందికి దించుతూ చేతితో తోసుకుని లేవాలి. చెయ్యి పట్టి లాగకండి.

6. నొప్పి నిజంగా తగ్గిందా? ఇలా చూడండి

కదలకుండా పడుకున్నవారిని “నొప్పి ఉందా?” అంటే “లేదు” అనే వస్తుంది. ఆ జవాబుకు విలువ లేదు. లోతుగా ఊపిరి పీల్చమనండి, దగ్గమనండి, అప్పుడు అడగండి. మూడు సంగతులు రాయండి: దగ్గు గట్టిగా వస్తోందా లేక గొంతులోనే ఆగిపోతోందా; ఎన్ని బంతులు లేచాయి; కుర్చీలోకి లేవగలిగారా. నొప్పి పూర్తిగా సున్నా కానక్కరలేదు. దగ్గగలగాలి, కదలగలగాలి, మెలకువగా ఉండాలి.

నోటితో చెప్పలేనివారి ముఖం చూడండి. నొసలు ముడిపడటం, మూలుగు, పిడికిలి బిగించడం, పక్క మార్చబోతే చెయ్యి తోసేయడం, ఊపిరి గబగబా ఆడటం, ఇవన్నీ నొప్పి మాటలే. “మొండితనం” అని రాయకండి.

7. రోజుకు రెండుసార్లు మతి చూడండి

పొద్దున ఒకసారి, దీపాలు పెట్టే వేళకు ఒకసారి. రెండు నిమిషాల పని.

- మెలకువ: పిలవగానే కళ్లు తెరిచి చూస్తున్నారా? మాట మధ్యలో తూగుతున్నారా?
- చోటు, కాలం: మనం ఎక్కడున్నాం? ఇది పొద్దునా, సాయంత్రమా? ఏ సంవత్సరం? పుట్టిన తేదీ తెలియని పెద్దవారు చాలామంది, దాన్ని పరీక్షగా పెట్టకండి. పెద్ద మనవరాలి పేరు అడగండి.
- ధ్యాస: శనివారం నుంచి వారాలు వెనక్కి చెప్పమనండి. చదువుకున్నవారైతే డిసెంబరు నుంచి నెలలు వెనక్కి. చదువు లేనివారికి ఇరవై నుంచి ఒకటి దాకా.
- మార్పు: నిన్నటికీ నేటికీ, పొద్దుటికీ సాయంత్రానికీ తేడా ఉందా?

తప్పులు ఎన్ని అన్నది కాదు, మొదటి రోజు మీరు రాసుకున్నదానితో పోల్చడమే కొలత. నిన్న గడగడా చెప్పిన వారాలు నేడు మంగళవారం దగ్గర ఆగిపోతే అది డాక్టరుకు ఫోను చేయవలసిన సంగతి.

అందరూ గుర్తుపట్టే డెలీరియం కేకలు వేసేది, సెలైన్ సూది పీకేసేది. ఎవరూ పట్టించుకోనిది రెండో రకం. రోజంతా మూగగా, తిండి మీద ధ్యాస లేకుండా, గోడ వైపు తిరిగి పడుకుంటారు. ఇంటివారు “ఈ రోజు ప్రశాంతంగా ఉన్నారు” అని ఊపిరి పీల్చుకుంటారు. నాకైతే కేకలు వేసేవారికంటే వీరంటేనే భయం. “వయసు మీద పడింది”, “చాదస్తం”, “గాలి సోకింది” అనుకుంటూ తాయెత్తు కోసం తిరిగిన రెండు రోజుల్లో న్యుమోనియా ముదిరిపోతుంది.

8. రాత్రులు, కడుపు, నీళ్లు

పగలు కిటికీ తెరిచి వెలుతురులో కూర్చోబెట్టండి, సాయంత్రం తర్వాత టీ, కాఫీ వద్దు. రాత్రి గదిలో చిన్న దీపం. కరెంటు పోతే చీకట్లో లేచి మళ్లీ పడతారు, చార్జింగ్ లైటు మంచం పక్కన ఉంచండి. ఎదురుగా పెద్ద అంకెల గడియారం, తెలుగు క్యాలెండరు. పలకరించడానికి వచ్చే బంధువులను ఒకరిద్దరు చొప్పున రమ్మనండి. పదిమంది చుట్టూ చేరి “నన్ను గుర్తుపట్టావా?” అని పరీక్షలు పెట్టడం ఎవరికీ మేలు చేయదు.

రెండు రోజులు విరేచనం కాకపోతే, మూత్రం బొట్టుబొట్టుగా వస్తూ పొత్తికడుపు ఉబ్బితే, మతి చెదరడానికి అవి చాలు. మూత్రం గొట్టం ఉంటే ఎప్పుడు తీస్తారని రోజూ అడగండి. గుండె, కిడ్నీ డాక్టర్లు నీళ్లు తగ్గించమని చెప్పనివారికి మజ్జిగ, గంజి, నీళ్లు కొంచెం కొంచెంగా తరచూ ఇవ్వండి. ఈ ఉక్కలో చెమటకే చాలా పోతుంది. తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోవాలి, మగతగా ఉన్నప్పుడు నోట్లో ఏదీ పోయకండి.

9. మతి చెదిరితే ఏం చేయాలి

వాదించకండి. “ఇది మన ఇల్లు కాదు, నన్ను కొత్తవలస తీసుకెళ్లు” అంటే “ఇదే ఇల్లు, ఎన్నిసార్లు చెప్పాలి” అని కసరకండి. “అమ్మా, నేను మీ చిన్నబ్బాయిని. మర్రిపాలెంలో ఉన్నాం. మీరు పడ్డారు, ఎముక విరిగింది, తగ్గుతోంది” అని నెమ్మదిగా, ఒకసారి. కళ్లజోడు, చెవి మిషను పెట్టండి. చేతులు కట్టేయకండి, కడితే పెనుగులాట పెరుగుతుంది.

తర్వాత పుస్తకం తీసి వరుసగా చూడండి: నొప్పి మందు వేళ తప్పిందా? కొత్త మందు ఏది చేరింది? జ్వరం? ఆక్సిజన్? విరేచనం, మూత్రం? షుగరు? నిద్ర? ఈ జవాబులతో డాక్టరుకు ఫోను చేస్తే అక్కడే సగం కారణం దొరుకుతుంది. నొప్పి మందు వల్లనే అనిపించినా మీ అంతట మీరు అన్నీ ఆపకండి. మోతాదు తగ్గించడం, మందు మార్చడం, బ్లాక్ ఇవ్వడం లాంటి దారులు ఉన్నాయి. శాంతపరిచే ఇంజెక్షన్ ఇస్తామంటే పార్కిన్సన్ జబ్బు ఉన్న సంగతి ముందే చెప్పండి, హాలోపెరిడాల్ వారికి పడదు.

వెంటనే 108కు ఫోను చేయవలసినవి

ఆక్సిజన్ 92 కంటే తగ్గడం (ముందే సీఓపీడీ అనే దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు ఉంటే డాక్టరు చెప్పిన అంకె కంటే తగ్గడం). వేలికి గోరింటాకు ముదురుగా ఉంటే మరో వేలికి పెట్టి, నిమిషం ఆగి చూడండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 25కు మించి ఊపిరి, లేదా ట్రమడాల్, మార్ఫిన్ లాంటి మందుల మీద ఉన్నవారిలో పదికంటే తక్కువ. లేపినా లేవకపోవడం. కఫంలో రక్తం. కింది పక్కటెముకలు విరిగినవారికి కడుపు నొప్పి, భుజం కొన నొప్పి, కళ్లు తిరగడం, ఇవి ప్లీహం లేదా కాలేయం నుంచి రక్తస్రావం కావచ్చు. తలనొప్పి, వాంతులు, ఒక పక్క బలం తగ్గడం, మాట ముద్దగా రావడం. రక్తం పలుచన చేసే మందు వాడేవారికి తలలో రక్తం కొన్ని వారాల తర్వాత కూడా చేరవచ్చు కాబట్టి, పడి నెలయిందిలే అనుకోకండి. జ్వరం, చలి, దగ్గు పెరగడం ఉంటే అదే రోజు చూపించండి.

మందులు ఎప్పుడు తగ్గించాలి

ఎముక అతకడానికి ఆరు వారాలు పడుతుంది, నొప్పి కొందరికి మూడు నెలల దాకా ఉంటుంది. ముందు ట్రమడాల్ లాంటివి డాక్టరును అడిగి మెల్లగా తగ్గించాలి, పారాసిటమాల్ ఆఖరున. మామూలుగా పడినదానికే ఎముక విరిగిందంటే ఎముకల సాంద్రత పరీక్ష, విటమిన్ డి గురించి తదుపరి చూపించుకునేటప్పుడు అడగండి.

ఆషాఢం దగ్గర పడితే ఇంకో ప్రశ్న వస్తుంది: సింహాచలం గిరి ప్రదక్షిణకు అమ్మను తీసుకెళ్లవచ్చా? 32 కిలోమీటర్లు, ఆ జనంలో, ఈ ఏడాది వద్దు. మెట్లు కూడా వద్దు. ఆరు వారాలు దాటి, దగ్గినా నొప్పి లేకపోతే, డాక్టరు సరేనంటే, రద్దీ లేని రోజున కొండ మీదికి బస్సులో తీసుకెళ్లండి. దిండు వెంట ఉంచుకోండి, ఘాట్ రోడ్డు మలుపుల్లో పనికొస్తుంది.